అంటుకునే చోటు

మా పెనానికి అంచు దగ్గర మూడు రివిట్లున్నాయి.
నడిమి దాని మీద
దోశ ఎప్పుడూ అంటుకుంటుంది.
నూనె పోసినా, ఉల్లిపాయ చెక్కతో రుద్దినా అంతే.
"వాడి ఆకలింకా తీరలేదులే" అని
ఆ ముక్క గీకి కాకికేసేది మా అవ్వ సెంగేణమ్మ.

వాడెవడో నాకు తెలిసేసరికి
నాకు సొంత పడవొచ్చింది.

పొగపడవ అనేవాళ్ళంట దాన్ని.
ఎక్కడో చలిదేశంలో, గడ్డం మీద మంచు పేరుకునే నీళ్ళలో
చేపలు పట్టుకునే ఓడ.
యుద్ధమొచ్చి దాన్ని పట్టుకుంది.
చేపలు పోసే గదిలో తూటాలు పోశారు.
ముక్కు మీద ఫిరంగిని కూర్చోబెట్టారు,
కొత్తల్లుణ్ణి అరుగు మీద కూర్చోబెట్టినట్టు.
వల లాగిన మరే, వల లాగిన చేతులే
ఇప్పుడు ఇనపతాడు లాగుతూ
నీళ్ళలో దాచిన బాంబుల కోసం
మద్రాసు నుంచి కృష్ణపట్నం దాకా
సముద్రాన్ని ఊడ్చేవి.
పడితే కూలి, తగిలితే చావు.
ఇట్టాంటి వేట మావాళ్ళెవరూ ఎరగరు.

బొగ్గేసే పనికి మా పాళెం నుంచి ఒకడు పోయాడు,
తాత తమ్ముడు కన్నియప్ప.
పద్దెనిమిదేళ్ళు.
నెలకి పదహారు రూపాయలు, ఒక కంబళి.
కంబళిని ఇంటికి పంపించేశాడు,
"పడుకునేది పొయ్యి పక్కనేగా" అని.

తాత ఏకాంబరానికి లైటుహౌసులో కొలువు.
అద్దాలు తుడవాల, నూనె డబ్బా మొయ్యాల.
ఆ ఏడు జపానోడొస్తాడని
మద్రాసు మూటాముల్లె సర్దుకుంది.
వాకాడు సంత మధ్యాన్నానికే ఎత్తేసేవాళ్ళు.
ఒడ్డున చుట్ట ముట్టిస్తే కానిస్టేబులు లాఠీ తీసేవాడు.
దీపం ఆర్పమని కాగితమొచ్చింది.
తాతకి చదువు రాదు.
కాగితం మీద వేలిముద్రేసి
దీపం ఆర్పి
మెట్లు దిగి ఇంటికొచ్చి సంగటి తిన్నాడు.

కార్తీకం. తూర్పుగాలి, వాన.
మూడో జామున సముద్రం
ఎప్పుడూ చెయ్యని చప్పుడొకటి చేసింది.

శత్రువుకి కనపడకూడదని పరిచిన చీకటి.
కాపలా ఓడకి మా ఇసకతిట్ట కనపడలేదు.

తెల్లారి ఒడ్డుకొచ్చినవి
రెండు పీపాలు, ఒంటి బూటు, ఆరుగురు తెల్లవాళ్ళు,
ఇంక బొగ్గు. మూడు రోజులు బొగ్గే.
ఆడవాళ్ళు గంపలతో ఏరుకున్నారు.
కన్నియప్ప రాలేదు.
తెల్లవాళ్ళ పేర్లు ఎక్కడో రాతి మీద చెక్కారంట.
ఇతని గురించి
"స్థానికుడు, ఒకడు" అని రాసుందని
మునసబు చదివి చెప్పాడు.

యుద్ధమయ్యాక దీపం మళ్ళీ వెలిగింది.
తాత ఆ మెట్లు మళ్ళీ ఎక్కలేదు.
అడిగినా, అడక్కపోయినా ఒకటే మాట.
"ఆర్పమన్నారు. ఆర్పినా."
ఆఖరి రోజుల్లో మొదటి ముక్క మర్చిపోయాడు.

నాయుడుపేట నుంచి పాతినుము వాళ్ళొచ్చి
అందినంత మేర కోసుకుపోయారు.
అవ్వ రెండు గంపల ఎండు నెత్తళ్ళిచ్చి
జానెడు మందాన ఒక రేకు అడిగింది.
"జానెడు మందమా!" అని నవ్వారంట.
బొటనవేలు మందం ఇచ్చారు.
కంసాలి గుండ్రంగా కొట్టిచ్చాడు,
రివిట్లు మాత్రం తియ్యొద్దంది.

మొన్న జిల్లా మారింది,
మేమిప్పుడు తిరుపతి కింద.
నీళ్ళ కిందున్న దానికి ఎవరూ చెప్పుండరు.
అక్కడ వలేస్తే చినుగుద్ది.
గాలమేస్తే పండుగప్పలు, ఒక్కోటి నా కాలంత.
జీపీఎస్ లో ఆ చుక్కకి పేరు పెట్టమంటే
కన్నియప్ప అని కొట్టా.
ఇప్పుడు ఎటు పోయినా
ఇంకెంత దూరమో చూపిస్తుంటాడు.

పోయిన వారం మా పాప కొత్త పెనం తెచ్చింది,
ఏదీ అంటుకోనిది.
దోశ నున్నగా జారిపోతోంది.
గోడ మీద కాకి
తల ఒకసారి ఇటు, ఒకసారి అటు తిప్పి చూస్తోంది.